తెలిసీ చెప్పని హార్పర్లు మంచివాళ్లేనా?

మహబూబ్‌నగర్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట (బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథను నడిపే ఆట) నడిపిస్తున్న ఒక మిత్రుడు అడిగిన సంగతి ఇది. ఆ ఆటకున్న ఊహాలోకాల్లో ఒకటైన ఫర్గాటెన్ రెల్మ్స్‌లో ఆయన ఆడిస్తున్న క్యాంపెయిన్ (వారాల తరబడి సాగే కథ)లో ఇద్దరు ఆటగాళ్లు హార్పర్లు అనే రహస్య కూటమిలో సభ్యులు. ఒక పల్లె బావిలో జెంటారిమ్ ముఠా విషం కలపబోతున్నదని ఆ ప్రాంతపు హార్పర్ శాఖకు రెండు రోజుల ముందే తెలిసింది. ఊరివాళ్లను హెచ్చరిస్తే జెంటారిమ్ లోపల తాము పెట్టుకున్న వేగు బయటపడతాడని శాఖ పెద్ద నోరు మెదపలేదు. పదకొండు మంది చనిపోయారు. ఇప్పుడు పాలడిన్ (ప్రమాణానికి కట్టుబడిన ధర్మయోధుడు) ఆడుతున్న అబ్బాయి హార్పర్లు చెడ్డవాళ్లేనని, రోగ్ (చాటుమాటు పనుల్లో నేర్పరి) ఆడుతున్న అమ్మాయి వాళ్లు కయాటిక్ గుడ్ అని పట్టుబట్టారు. ఆట ఆగిపోయింది. ఈ ఆటలో ప్రతి పాత్రకూ, కూటమికీ అలైన్‌మెంట్ అని ఒక స్వభావం రాస్తారు: లాఫుల్ (క్రమం), న్యూట్రల్ (మధ్యస్థం), కయాటిక్ (స్వేచ్ఛ) అన్నవాటిలో ఒకటి, గుడ్ (మంచి), న్యూట్రల్, ఈవిల్ (చెడు) అన్నవాటిలో ఒకటి కలిపి. హార్పర్ల అలైన్‌మెంట్ అన్న గడిలో ఏమి రాయాలన్నది ఆయన ప్రశ్న.

నల్లగొండలో చాలా ఏళ్లుగా ఆదివారాలు ఈ ఆట నడిపిస్తున్నవాణ్ని కాబట్టి, ఇలాంటి గొడవ మా బల్ల దగ్గర కూడా ఒకటికి రెండుసార్లు జరిగింది కాబట్టి, ఆ మిత్రుడికే చెబుతున్నట్టుగా నా అభిప్రాయం ముందే చెప్పి కారణాలు తరువాత వివరిస్తాను. హార్పర్ల కూటమి మొత్తానికి 'గుడ్' అన్న మాట నిలుస్తుంది; క్రమానికీ స్వేచ్ఛకూ మధ్య వాళ్లు స్వేచ్ఛవైపే మొగ్గుతారు. కానీ మీ కథలో ఆ శాఖ పెద్ద చేసిన పని గుడ్ కాదు, ఈవిల్ కాదు, కయాటిక్ అంతకన్నా కాదు. అది లాఫుల్ న్యూట్రల్. మీ ఆటగాళ్లిద్దరూ తప్పే చెబుతున్నారు, అందులోనూ రోగ్ ఆడుతున్న అమ్మాయి చెబుతున్నది ఎక్కువ తప్పు.

ఒక చిన్న మాట. ఇంగ్లీషు పుస్తకాల్లో ఇలాంటి కూటములను ఫ్యాక్షన్ అంటారు. ఆ మాట మన చెవిన పడగానే టాటా సుమోలు, వేటకొడవళ్లు కళ్ల ముందుకు వస్తాయి కాబట్టి నేను ఇక్కడ కూటమి అనే అంటాను.

ఈ గొడవకు మూలం ఎక్కువసార్లు 'లా' అన్న మాటను చట్టం అని అర్థం చేసుకోవడంలో ఉంటుంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ఈ ఆటను మొదట అచ్చువేసినప్పుడు మంచి చెడుల గీత అందులో లేదు. లా, న్యూట్రాలిటీ, కేయాస్ అన్న మూడు పక్షాలు మాత్రమే ఉన్నాయి. అవి స్వభావాలకన్నా సైన్యాలకు పెట్టిన పేర్లలా ఉండేవి, అంటే యుద్ధం వస్తే ఎవరు ఎటు నిలబడతారన్నది చెప్పేవి. మంచి చెడుల గీతను దానికి అడ్డంగా గీసి రెండింటినీ విడదీసి చూడాలని గైగాక్స్ 1976లో ఒక వ్యాసంలో వివరించాడు, ఆ దశాబ్దం చివరికి తొమ్మిది గడుల పట్టిక స్థిరపడింది. కాబట్టి లాఫుల్ అంటే ఊరి చట్టానికి లోబడినవాడని కాదు. తనకంటే పైన ఒక నియమమో, సంప్రదాయమో, ఇచ్చిన మాటో ఉందని నమ్మి, సొంత మనసు వేరే చెప్పినా దానికే కట్టుబడేవాడని అర్థం. కయాటిక్ అంటే నేరస్థుడని కాదు. నియమం ఏమన్నా తన అంతరాత్మ చెప్పినట్టు నడిచేవాడు.

ఈ తేడా పట్టుకున్నాక ఒక విషయం స్పష్టమవుతుంది. రహస్యం అన్నది ఈ రెండు గీతల్లో దేని మీదా లేదు. దాక్కుని పనిచేసేవాళ్లందరూ కయాటిక్ అనుకోవడం ఎంత పొరపాటో, దాక్కునేవాడిలో ఏదో చెడు ఉండే తీరుతుందనుకోవడమూ అంతే పొరపాటు. జెంటారిమ్‌నే తీసుకోండి. నల్లని రెక్కల పాము వాళ్ల గుర్తు, బ్లాక్ నెట్‌వర్క్ వాళ్ల మారుపేరు, హార్పర్లకు ఏమాత్రం తీసిపోని రహస్యం వాళ్లది. అయినా లోపల పైనుంచి కిందికి గట్టి ఆజ్ఞాక్రమం ఉంటుంది. ఆట నియమాల ఐదవ ఎడిషన్ తొలి రోజుల్లో అడ్వెంచరర్స్ లీగ్ (ప్రచురణకర్తల అధికారిక ఆటల కార్యక్రమం) నిర్వహించిన ఆటల్లో ఈవిల్ పాత్రలను అనుమతించేవారు కాదు. ఒక్క మినహాయింపు లాఫుల్ ఈవిల్‌కు ఉండేది, అది కూడా జెంటారిమ్‌లోనో లార్డ్స్ అలయన్స్ అనే మరో కూటమిలోనో సభ్యులైతేనే. అంటే ఆ నియమం రాసినవారి దృష్టిలో జెంటారిమ్ నీడలో ఉంటూనే క్రమం పాటించగల కూటమి. హార్పర్లకు ఆ మినహాయింపు లేదన్నది కూడా గమనించదగినదే.

ఇక హార్పర్ల సంగతి. ఎడ్ గ్రీన్‌వుడ్ సృష్టించిన ఈ లోకపు చరిత్ర ప్రకారం వాళ్ల కూటమి అక్కడి కాలగణన అయిన డేల్ లెక్కలో 720వ సంవత్సరంలో డ్యాన్సింగ్ ప్లేస్ అనే చోట పుట్టింది. నెలవంకలో వీణలాంటి వెండి హార్ప్ వాళ్ల చిహ్నం. సభ్యుల్లో పాటగాళ్లు, మాంత్రికులు, రేంజర్లు ఎక్కువ. బెర్డస్క్ పట్టణంలోని ట్వైలైట్ హాల్ చాలాకాలం వాళ్లకు ఒక స్థావరం. షాడోడేల్‌లో ఎల్మిన్‌స్టర్ అనే మాంత్రికుడు, స్టార్మ్ సిల్వర్‌హ్యాండ్ అనే పాటగత్తె చుట్టూ చేరినవాళ్లది మరో గుంపు. ఒకే గద్దె మీద కూర్చుని అందరికీ ఆజ్ఞలిచ్చే పెద్ద ఎప్పుడూ లేడు. ఐదవ ఎడిషన్‌లో వాచర్, హార్ప్‌షాడో, బ్రైట్‌కాండిల్, వైజ్ ఔల్, హై హార్పర్ అని ఐదు మెట్లు పెట్టారు గాని, అవి ఆటగాళ్లకు బహుమానంగా ఎక్కించడానికి పెట్టిన మెట్లని నా అనుమానం. వాటిని చూసి ఇదొక సైనిక దళం అనుకోకూడదు. ఒంటరిగా పనిచేయాలని, ఇరుక్కుంటే తోటివాళ్లు వచ్చి విడిపిస్తారన్న ఆశ పెట్టుకోకూడదని హార్పర్లకు నేర్పుతారు.

వాళ్లు నమ్మేది ఏమిటో కూడా ఆ ఎడిషన్‌లోనే సూటిగా రాసి ఉంది. సమాచారం ఎంత ఉన్నా ఎక్కువ కాదు, అధికారం మితిమీరితే మనిషిని చెడగొడుతుంది, ఎవరూ నిస్సహాయులుగా ఉండకూడదు. చేయవలసిన పనుల్లో నిరంకుశులను అడ్డుకోవడం, పేదలకూ బలహీనులకూ అండగా నిలవడం ఉన్నాయి. బహిరంగంగా రంగంలోకి దిగడం మాత్రం ఆఖరి మార్గంగా ఉంచుకోవాలని ఉంది. మీ శాఖ పెద్ద పట్టుకున్నది ఈ ఆఖరి మాటను. దానికి ముందున్న రెండు మాటలను ఆయన వదిలేశాడు. బహిరంగంగా దిగడం ఆఖరి మార్గం అంటే అది మార్గమేనని, వేరే దారి లేనప్పుడు తప్పక పట్టవలసిన మార్గమని అర్థం. నోరు మూసుకోవడమే ధర్మమని ఆ వాక్యం ఎక్కడా చెప్పలేదు.

మీ పల్లె దగ్గరకు వద్దాం. మూడున్నర (3.5) ఎడిషన్ నియమాల పుస్తకంలో మంచి చెడుల మీద రాసిన నాలుగు మాటలు ఈ కేసుకు కొలతపెట్టి కుట్టినట్టు సరిపోతాయి కాబట్టి, మీరు ఏ ఎడిషన్ ఆడుతున్నా అవి చదవమంటాను. ఈవిల్ అంటే ఇతరులను హింసించడం, అణచడం, చంపడం. గుడ్ అంటే ఇతరులకోసం తనవైన వాటిని త్యాగం చేయడం. ఈ రెండింటి మధ్య ఉన్న న్యూట్రల్ మనిషికి అమాయకులను చంపడానికి చేతులు రావు, అలాగని వాళ్లను కాపాడడానికి తాను నష్టపోయేటంత పట్టుదలా ఉండదు. మీ శాఖ పెద్ద బావిలో విషం కలపలేదు, కలపమనలేదు, కలిపితే సంతోషించలేదు. పాలడిన్ ఆడుతున్న అబ్బాయి ఈవిల్ అనడం అందుకే చెల్లదు. కానీ ఆ పెద్ద చేతిలో త్యాగం చేయడానికి ఒకటి ఉంది, అది ఆ వేగు, లేదా ఆ వేగు ద్వారా వచ్చే సమాచారం. దానిని అట్టే పెట్టుకుని, తనవి కాని పదకొండు ప్రాణాలను పోనిచ్చాడు. దానిని త్యాగమని ఎవరూ అనరు. ఊరివాళ్ల సొమ్ముతో తన అప్పు తీర్చుకోవడం అది.

కయాటిక్ గుడ్ అన్న వాదన ఎందుకు నిలవదో కూడా ఇక్కడే తెలుస్తుంది. కయాటిక్ గుడ్ మనిషి ఎదుటివాళ్లు ఏమనుకుంటారో పట్టించుకోకుండా మనసు చెప్పింది చేస్తాడు. శాఖ పెద్ద మనసు ఆ రాత్రి ఏమి చెప్పి ఉంటుంది? మీ వివరణలో ఆయన రెండు రోజులూ అన్నం తినలేదని మీరే రాశారు. మనసు ఒకటి చెప్పింది, వేగును బయటపెట్టకూడదన్న కూటమి కట్టుబాటు మరొకటి చెప్పింది, ఆయన కట్టుబాటుకు లోబడ్డాడు. ఇది అచ్చంగా లాఫుల్ మనిషి పని. హార్పర్ల గురించి చాలామంది ఆటగాళ్లకు తట్టని సంగతి ఇదే: వాళ్లు తప్పుదారి పట్టేది విచ్చలవిడితనం వల్ల కాదు, రహస్యాన్ని ఒక నియమంగా మార్చుకుని ఆ నియమానికి బానిసలు కావడం వల్ల. స్వేచ్ఛగా ఉన్నంతకాలం వాళ్ల మంచితనం నిలుస్తుంది. క్రమశిక్షణ బిగిసేకొద్దీ అది కరుగుతుంది. పాలడిన్లు, గుడి పూజారులు ఉన్న మిగతా కూటముల్లో పరిస్థితి దీనికి తలకిందులుగా ఉంటుంది కాబట్టి అలవాటుపడిన కంటికి ఇది ఆనదు.

నన్ను ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టింది మరొకటి. వేగునైనా పోగొట్టుకోవాలి, ఊరినైనా పోగొట్టుకోవాలి అన్నట్టుగా మీ బల్ల దగ్గర అందరూ మాట్లాడారు. హార్పర్లు ఎవరు? పాటలు కట్టేవాళ్లు, వేషాలు వేసేవాళ్లు, పుకార్లు పుట్టించి రాజులనే దించేవాళ్లు. అలాంటివాళ్లకు రెండు రోజుల వ్యవధి ఉంది. రాత్రిపూట ఒక చచ్చిన కుక్కను బావిలో పడేస్తే చాలు. మన పాలమూరు పల్లెల్లో ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది, ఆ బావి నీళ్లు పూడిక తీసేదాకా ఎవరూ ముట్టరు, ఎవరు చెప్పారని ఎవరూ అడగరు. బావిలో దయ్యం ఉందని ఒక పాటగాడు సాయంత్రం రచ్చబండ దగ్గర కథ చెప్పినా పని జరిగేది. మొక్కు పేరు చెప్పి మూడు రోజులు పక్క ఊరి చెరువు నీళ్లే వాడాలని ఒక పూజారి చేత చెప్పించినా జరిగేది. వేగు సురక్షితంగా ఉండేవాడు, జెంటారిమ్‌కు అనుమానం కూడా వచ్చేది కాదు. ఈ ఉపాయం ఆలోచించి విఫలమై ఉంటే నేను ఆ శాఖను గుడ్ అనే అనేవాణ్ని. ఆలోచించనే లేదు, అదే నా అభ్యంతరం. మంచితనం వాళ్ల వృత్తి నైపుణ్యంలోనే ఉంది, దానిని వాళ్లు ఆ రెండు రోజులు పెట్టెలో పెట్టి తాళం వేశారు.

అయితే ఇందులో డంజన్ మాస్టర్‌గా, అంటే ఆట నడిపించేవాడిగా, మీ పాలు కూడా కొంత ఉంది. శాఖ పెద్ద మీ పాత్ర, ఆటగాళ్లది కాదు. ఆ రెండు రోజుల్లో ఆటగాళ్లకు సంగతి తెలిసే అవకాశం మీరు ఇచ్చారా, లేక అంతా అయిపోయాక బావి దగ్గర శవాలు చూపించారా? రెండవదే అయితే మీరు వాళ్లకు ఇచ్చింది నైతిక సంకటం కాదు, చెడ్డ వార్త. చెడ్డ వార్త విన్నవాళ్లు పేర్ల కోసం కొట్లాడుకోవడం సహజం, ఎందుకంటే చేయడానికి వాళ్లకు వేరే పనేమీ మిగలలేదు.

హార్పర్ల చరిత్రలోనే దీనికి దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. వాటర్‌డీప్ నగరపు మహామాంత్రికుడు, బ్లాక్‌స్టాఫ్ అని పేరుపడ్డ కెల్బెన్ అరున్‌సన్ హార్పర్లలో పెద్ద తలకాయ. పెద్ద నష్టాన్ని తప్పించవచ్చన్న లెక్కతో ఆయన, తోటివాళ్లకు చెప్పకుండా, జెంటారిమ్ నాయకుడు ఫ్జూల్ చెంబ్రిల్‌తో ఒప్పందం చేసుకుని ఒక శక్తిమంతమైన రాజదండాన్ని అతని చేతికి ఇచ్చాడు. సంగతి బయటపడ్డాక హార్పర్లు ఆయనను విచారణకు నిలబెట్టారు. ఆయన కూటమిని విడిచి, తన వెంట వచ్చినవాళ్లతో మూన్‌స్టార్స్ అని మరో కూటమి పెట్టుకున్నాడు. ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అన్నది ఆ లోకపు అభిమానులు ఇప్పటికీ తేల్చుకోలేదు. నాకు మాత్రం కెల్బెన్ మీద కొంత సానుభూతి ఉంది. ఏది ఏమైనా మన ప్రశ్నకు పనికివచ్చేది ఆ తీర్పు కాదు, ఆ విచారణ జరిగిందన్న వాస్తవం. ఎంత పెద్దవాడైనా సరే, లోకానికి దాచిన పనిని తమలో తాము దాచుకోకూడదని హార్పర్లు అనుకున్నారు. కూటమి మొత్తానికి గుడ్ అన్న మాటను నేను ఇప్పటికీ వదలకపోవడానికి ఈ అలవాటే ముఖ్య కారణం. జెంటారిమ్‌లో ఇలాంటి విచారణ ఊహించండి. అక్కడ ప్రతి దానికీ, ప్రతి మనిషికీ ఒక ధర ఉంటుందన్నది రాసిపెట్టుకున్న సిద్ధాంతం. కెల్బెన్ చేసిన బేరంలో వాళ్లు తప్పుపట్టేది, ధర తక్కువ పలికిందా అన్న ఒక్కదాన్నే.

రహస్య సంఘాల మంచి చెడులను ఎలా తూచాలో నేను నియమాల పుస్తకాల కన్నా ముందు మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆమె పుట్టిన ఊరు సూర్యాపేట దిక్కు. సాయుధ పోరాటం నాటి సంగతులు చెప్పేటప్పుడు ఆమె ఎప్పుడూ సిద్ధాంతాలు చెప్పలేదు. సంగపోళ్లు రాత్రిపూట వచ్చేవాళ్లు, పేర్లు చెప్పేవాళ్లు కాదు, ఉన్న గటక తాగి తెల్లారకముందే పోయేవాళ్లు. వాళ్లు వచ్చిపోయిన సంగతి తెలిస్తే రజాకార్లు వచ్చి ఆ ఇంటి మీద పడేవాళ్లు. అంటే రహస్యం వాళ్లది, దెబ్బలు ఇంటివాళ్లవి. అందుకని ఊళ్లో ఆడవాళ్లు దళాలను ఒక్క ప్రశ్నతో తూచేవాళ్లట: మా ఇంట్లో తిన్నందుకు మాకు ఏమవుతుందో వీళ్లు ఆలోచించారా? ఆలోచించిన దళం ఒకే ఇంటికి వరుసగా రెండుసార్లు వచ్చేది కాదు, గిన్నెలు కడిగి బోర్లించి పోయేది, రెండో ఇంటికి ఎంతమంది వచ్చారో తెలియనిచ్చేది కాదు. ఆలోచించని దళానికి అన్నం పెట్టేవాళ్లు గాని, ఆ తరువాత దాని గురించి మాట్లాడేటప్పుడు ఆమె గొంతు మారేది. ఆ చరిత్రను ఆటతో పోల్చడం నా ఉద్దేశం కాదు. రహస్యపు ఖర్చు ఎవరి నెత్తిన పడుతున్నదో చూడమన్న ఆమె కొలత మాత్రం ఏ ఊహాలోకంలోనైనా పనిచేస్తుంది.

మా బల్ల దగ్గర హార్పర్లను నేను బుర్రకథ దళంగా మార్చి ఆడించినప్పుడు ఈ కొలత బాగా ఉపయోగపడింది. హార్ప్ స్థానంలో తంబుర వచ్చింది. బుర్రకథలో నడుమ కథకుడు, అటూఇటూ గుమ్మెటలు వాయించే ఇద్దరు వంతలు, అందులో ఒకరు హాస్యం చెబితే మరొకరు రాజకీయం చెబుతారని మీకు తెలిసే ఉంటుంది. ముగ్గురి శాఖకు అంతకన్నా చక్కటి ఏర్పాటు నాకు దొరకలేదు: కథకుడు జనాన్ని కూడగడతాడు, హాస్యగాడు కాపలావాళ్లను మాటల్లో పెడతాడు, రాజకీయం చెప్పేవాడు సంకేతం అందిస్తాడు. ఒకసారి ఆ దళం ఒక దేశ్‌ముఖ్ గడిలో కథ చెబుతూ ఒక బందీని తప్పించింది. తప్పించాక ఆ రాత్రి దళానికి చోటిచ్చిన కుమ్మరి ఇంటిని దేశ్‌ముఖ్ మనుషులు తగలబెట్టారు. ఆటగాళ్లు మరుసటి వారం వేరే సాహసానికి వెళ్లిపోదామన్నారు. నేను ఏమీ అనలేదు, వాళ్ల పాత్రల వివరాలుండే షీట్లలో ఉన్న గుడ్ అన్న మాట పక్కన పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టాను. మూడో చుక్క పడేసరికి వాళ్లే వెనక్కి తిరిగి కుమ్మరి కొడుకును వెతుక్కుంటూ వెళ్లారు. నేను నడిపిన ఆటల్లో నాకు బాగా గుర్తున్న నాలుగైదు సెషన్లలో అదొకటి.

మీరు ఏ ఎడిషన్ ఆడుతున్నారో చెప్పలేదు గాని, ఈ తగాదా ఎంత దూరం పోతుందన్నది దాని మీద ఆధారపడుతుంది. మూడున్నరలో అయితే పాలడిన్ ఈవిల్ అని తెలిసినవాళ్లతో కలిసి తిరగకూడదు, తిరిగితే శక్తులకే ముప్పు. కాబట్టి ఆ అబ్బాయి పట్టుదల వెనుక అహంకారం కన్నా భయం ఎక్కువ ఉండవచ్చు. ఆ ఎడిషన్‌లో పాలడిన్‌కు చెడును పసిగట్టే శక్తి ఉంది, అది మనిషి అలైన్‌మెంట్‌ను నేరుగా పట్టుకుంటుంది. రహస్య కూటములకు అదొక పెద్ద తలనొప్పి, అందుకే అలైన్‌మెంట్ కనబడకుండా ఒక రోజంతా దాచే మంత్రం ఒకటి బార్డులకు (మంత్రాలు తెలిసిన పాటగాళ్లకు) మొదటి స్థాయి మంత్రంగానే ఇచ్చారు. మొదటి ఏడీ అండ్ డీ (అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్)లో ఇంకా విచిత్రం, ఒక్కో అలైన్‌మెంట్‌కు ఒక్కో సొంత భాష ఉండేది; చీకట్లో రెండు మాటలు మాట్లాడితే ఎదుటివాడు మనవాడో కాదో తేలిపోయేది. వేగుల కథలు నడిపేవాడికి అంతకన్నా శత్రువు లేదు. ఐదవ ఎడిషన్‌లో మంచి చెడులను పసిగట్టే మంత్రం మనుషుల జోలికే పోదు, దెయ్యాలు, దేవదూతలు, శవభూతాల వంటివాటిని మాత్రమే కనిపెడుతుంది. పాలడిన్ కూడా తన ప్రమాణానికి జవాబుదారీ గాని, పట్టికలోని గడికి కాదు. కాబట్టి మీరు ఐదవ ఎడిషన్ ఆడుతుంటే ఆ అబ్బాయికి చెప్పండి, హార్పర్లతో ఉన్నందువల్ల అతని శక్తులు ఎక్కడికీ పోవు. ఆ భయం తీరితే సగం వాదన అక్కడే చల్లారవచ్చు. 2014 నాటి పుస్తకం ప్రకారం డివోషన్ అనే ప్రమాణం చేసిన పాలడిన్ అయితే అబద్ధమాడకూడదన్న నియమం అతనికి ఉంటుంది, చనిపోయినవాళ్ల బంధువులు అడిగినప్పుడు అతను ఏమి చెబుతాడన్నది మీకు రాబోయే సెషన్ల అసలు సరుకు.

ఇక గడి నింపే సంగతి. ఒక కూటమికి ఒక్క అలైన్‌మెంట్ రాయడం పటం మీద జిల్లాకు ఒక్క రంగు వేయడం లాంటిది. దూరం నుంచి చూడడానికి పనికివస్తుంది, ఊళ్లోకి దిగాక పనికిరాదు. కూటమి పేరు ఎదుట న్యూట్రల్ గుడ్ అని రాసి, కయాటిక్ గుడ్ వైపు ఒక బాణం గుర్తు పెట్టండి. నేను సూటిగా కయాటిక్ గుడ్ అనకపోవడానికి కారణం, పేదవాడి అవసరం చూసి సాయపడడం వాళ్లలో ఎప్పుడూ ఉంది గాని, కెల్బెన్ విచారణ లాంటివి చూస్తే తమలో తమకు ఒక ఉమ్మడి కట్టుబాటు కూడా ఉందని ఒప్పుకోక తప్పదు. మీ శాఖకు వేరే గీత గీసి లాఫుల్ న్యూట్రల్ అని రాయండి, పెన్సిల్‌తో రాయండి. వేగుకు కూడా ఒక గీత కావాలి. తనకోసం పదకొండు మంది పోయారని అతనికి తెలుసా? తెలిశాక కూడా జెంటారిమ్‌లోనే ఉండి వార్తలు పంపుతున్నాడంటే అతని మనసు ఏ స్థితిలో ఉందో మీరే నిర్ణయించాలి, దానికి పుస్తకంలో జవాబు లేదు.

ఆగిన ఆటను మళ్లీ కదిలించాలంటే, మీ ఆటగాళ్లను పేరు తేల్చమనకండి, తీర్పు చెప్పమనండి. దూరపు స్థావరం నుంచి ఒక హై హార్పర్ రహస్యంగా వస్తుంది, శాఖ పెద్ద మీద విచారణ జరుగుతుంది, మీ ఇద్దరు ఆటగాళ్లు సాక్షులు. విచారణ ట్వైలైట్ హాల్‌లో పెట్టకండి, ఆ పల్లెలోనే, ఎవరూ నీళ్లు తోడని ఆ బావి గట్టునే పెట్టండి. పాలడిన్ ఆ ఊరివాళ్లను లోపలికి రానివ్వాలని అడుగుతాడు, రోగ్ రానిస్తే వేగు చస్తాడని అడ్డుపడుతుంది, అక్కడితో వాళ్ల వాదన మాటల్లోంచి ఆటలోకి దిగుతుంది. ఒప్పించే ప్రయత్నాలకు కావాలంటే పాచికలు వేయించండి గాని, ఊరివాళ్లను రానివ్వాలా వద్దా అన్నదానికి మాత్రం వేయించకండి, దానిని వాళ్లిద్దరే తేల్చుకోవాలి. శాఖ పెద్ద అక్కడ ఏమి మాట్లాడాలో ముందే రాసిపెట్టుకోండి. ఆయన తనను సమర్థించుకుంటే పెన్సిల్ గీత అలాగే ఉంచండి, చచ్చిన కుక్క సంగతి తనకు ఎందుకు తట్టలేదో తనకే తెలియడం లేదని ఆయన నోటితో ఆయనే అంటే రబ్బరు దగ్గర పెట్టుకోండి.